పాత రాక్ ఇంటర్వ్యూ క్యాసెట్లను మళ్లీ తెరవడం ఎలా: టేపు తీయడం నుంచి అచ్చు దాకా

అటక మీది అట్టపెట్టెలో పాత క్యాసెట్లు దొరికాయి. ఒకప్పుడు కాలేజీ ఫెస్టుల్లో, రిహార్సల్ గదుల్లో రాక్ బ్యాండ్లవాళ్లతో మాట్లాడినవి. వాటితో ఇప్పుడు మళ్లీ రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? దక్షిణ ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు నుంచి ఈ ప్రశ్న పదేపదే వస్తోంది.

ఎక్కువమంది మొదట చేసే పని, ఇంట్లో మూల పడున్న టేప్‌రికార్డర్ దులిపి, క్యాసెట్ పెట్టి ప్లే నొక్కడం. దయచేసి అలా చెయ్యకండి. ముప్ఫై ఏళ్లు చెమ్మ పట్టిన టేపు మళ్లీ మొదటిసారి తిరిగేటప్పుడే నలుగుతుంది, తెగుతుంది. ఆ మొదటిసారి తిరగడమే కంప్యూటర్లోకి ఎక్కాలి. అందుకు ముందు చెయ్యాల్సిన పని చాలా ఉంది.

1. పెట్టె విప్పండి, ప్లే జోలికి పోకండి

క్యాసెట్లన్నీ పాత పేపరు మీద పరచండి. ఒక్కోదానికి నంబరు వేసి చిన్న చీటీ అంటించండి. రెండు వైపులా, లోపలి కార్డుతో సహా, ఫోటో తీయండి. కార్డు మీద పెన్నుతో గీసిన ఫోన్ నంబర్లు, బ్యాండు సభ్యుల పేర్లు, కొట్టేసిన తేదీలు అన్నీ తర్వాత ఆధారాలవుతాయి. డబ్బా పగిలినా కార్డు మాత్రం పారేయకండి.

తర్వాత పై అంచున ఉండే రెండు ప్లాస్టిక్ రెక్కలు విరగ్గొట్టండి. ఏ సైడు మీకు ఎదురుగా ఉంటే, టేపు కనబడే సందు కిందికి పెట్టి పట్టుకున్నప్పుడు, ఎడమవైపు రెక్క ఆ సైడుది. అది లేకపోతే రికార్డు బటన్ దిగదు. పొరపాటున పాత గొంతు మీద కొత్త శబ్దం ఎక్కే ప్రమాదం అక్కడితో పోతుంది.

ఇప్పుడు మూడు కుప్పలు చెయ్యండి:

- టేపు గోధుమరంగులోనో నల్లగానో, నున్నగా, అంచులు సమంగా చుట్టుకుని ఉన్నవి
- కిటికీలోంచి చూస్తే చుట్ట మీద తెల్లటి చుక్కలు, నూగు కనబడేవి (బూజు)
- టేపు తెగినవి, స్పాంజి ముక్క ఊడినవి, చక్రం తిరగనివి

టేపు నిడివి కూడా రాసుకోండి. సి-60 అంటే సైడుకు 30 నిమిషాలు, సి-90 అంటే 45. సి-120 దొరికితే దాని టేపు మరీ పల్చన. గబగబా ముందుకీ వెనక్కీ తిప్పితే సాగిపోతుంది.

2. బూజు పట్టినవాటి సంగతి

గంజాం తీరంలో ఉప్పుగాలి, చెమ్మ కలిసి క్యాసెట్లకు చేసే చేటు అంతా ఇంతా కాదు. ఈ పని వానాకాలంలో పెట్టుకోకండి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా గాలి పొడిగా ఉండే రోజులు అనువైనవి.

బూజు క్యాసెట్లను మంచివాటితో కలిపి ఉంచొద్దు. మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, వాటితోపాటు వారం రోజులు ఉంచండి. ఎండలో పెట్టకూడదు, వేడికి టేపు వంగుతుంది. బియ్యం డబ్బాలోనూ వద్దు, ఆ పిండి దుమ్ము లోపలికి దిగుతుంది.

ఆరాక వరండాలో కూర్చుని, ఎన్-95 మాస్కు పెట్టుకుని, ఆరు పలకల పెన్సిల్ చక్రంలో దూర్చి చేత్తో నెమ్మదిగా తిప్పండి. బయటికి కనబడే టేపును నూగు రాలని పొడి బట్టతో మునివేళ్ల మధ్య తేలిగ్గా పట్టుకుంటే బూజు బట్టకు అంటుతుంది. బట్ట మడత తరచూ మార్చండి. తడి తగలనివ్వొద్దు. ఎక్కడైనా టేపు పొరకు పొర అంటుకుని బిగుసుకుంటే అక్కడే ఆగి, మళ్లీ సిలికా జెల్ డబ్బాలో పెట్టండి. లాగితే పైపూత ఊడొస్తుంది. ఆ పూతలోనే మాట ఉంది.

3. తెగినవి, స్పాంజి ఊడినవి

టేపు మధ్య భాగాన్ని హెడ్డుకు (టేపు మీది శబ్దాన్ని చదివే లోహపు ముక్క) నొక్కి పట్టేది ఆ చిన్న స్పాంజి ముక్కే. అది ఊడితే గొంతు దూరం నుంచి వస్తున్నట్టు, ముసుగేసినట్టు వినబడుతుంది. చాలామంది దీన్ని చూసి టేపు పాడైందనుకుంటారు. టేపు బాగానే ఉంటుంది, డబ్బా మారిస్తే చాలు.

అయిదు స్క్రూలు ఉన్న మరో క్యాసెట్ తీసుకుని విప్పండి. అందులోని టేపు తీసేసి, పాత చుట్టలు రెండూ అదే వరుసలో అమర్చి, మూల చక్రాల మీదుగా టేపు పోనిచ్చి బిగించండి. స్క్రూలు లేకుండా అతికేసిన రకమైతే అంచు గీత వెంట బ్లేడుతో మెల్లగా తెరవాలి. విప్పే ముందు ఫోటో తీసుకోండి, లేకపోతే ఏ చుట్ట ఏ వైపుదో తికమక పడతారు.

తెగిన చోట సెల్లోటేపు వాడొద్దు. కొన్నాళ్లకు దాని జిగురు కారి హెడ్డుకు పట్టుకుంటుంది. టేపు అతికించడానికే చేసిన సన్నని స్ప్లైసింగ్ టేపు ఆన్‌లైన్లో దొరుకుతుంది. రెండు కొనలనూ ఏటవాలుగా కత్తిరించి, ఎదురెదురు ఆనించి, చుట్ట లోపలివైపుకు ఉండే ముఖం మీద ఒకటిన్నర రెండు సెంటీమీటర్ల ముక్క అంటించండి. హెడ్డుకు తగిలే వైపున అంటిస్తే అక్కడ మాట మాయమవుతుంది.

4. మెషీన్ సిద్ధం చెయ్యడం

ఎవరింట్లోనైనా మంచి క్యాసెట్ డెక్ ఉంటే అడిగి తెచ్చుకోండి. చవక యూఎస్‌బీ క్యాసెట్ ప్లేయర్లలో టేపు ఊగిసలాడుతుంది, మాట వణుకుతుంది. బాగు చేయించిన పాత డెక్ వాటికన్నా ఎన్నో రెట్లు నయం. ఏళ్ల తరబడి తిరగని డెక్‌లో రబ్బరు బెల్టు సాగో, జిగురుగా కరిగో ఉంటుంది. పాత టీవీలు, రేడియోలు బాగుచేసే మెకానిక్ చేత ముందు బెల్టు మార్పించండి.

- హెడ్డు, దాని పక్కనున్న సన్నని ఇనుప కడ్డీ: 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూది పుల్లతో, దూదికి మరక అంటనంత వరకు
- రబ్బరు రోలర్: ఆల్కహాల్ ఎక్కువైతే రబ్బరు ఎండుతుంది, సబ్బునీళ్లు పిండేసిన తడిబట్ట చాలు
- బూజు టేపులైతే ప్రతి సైడు తర్వాతా మళ్లీ శుభ్రం
- డాల్బీ (టేపు బుస తగ్గించే స్విచ్) ఆఫ్, టేపు రకం నార్మల్

ముందు పనికిరాని పాటల క్యాసెట్ ఒకటి పెట్టి అటూ ఇటూ పూర్తిగా తిప్పి చూడండి. మెషీన్ టేపు మింగే రకమైతే దాన్నే మింగుతుంది.

5. కంప్యూటర్లోకి ఎక్కించడం

డెక్ వెనక లైన్ అవుట్ నుంచి ఎరుపు, తెలుపు పిన్నుల కేబుల్ తీసి ఆడియో ఇంటర్‌ఫేస్‌కు (శబ్దాన్ని కంప్యూటర్లోకి పంపే చిన్న పెట్టె) ఇవ్వండి. ల్యాప్‌టాప్ మైకు రంధ్రంలో పెడితే చాలావాటిలో ఒక్క చానలే ఎక్కుతుంది, గొంతు పగిలిపోతుంది. ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితం, ఈ పనికి అది చాలు.

24 బిట్, 48 కిలోహెర్ట్జ్, స్టీరియో, వేవ్ ఫార్మాట్ పెట్టుకోండి. గంటకు సుమారు 1 జీబీ పడుతుంది. చేతి రికార్డర్లు మోనో అయినా స్టీరియోలోనే తీయండి. టేపు ఒక అంచు చెడితే రెండో చానల్‌లో మాట బాగుంటుంది, వింటూ మంచిది ఎంచుకోవచ్చు. అతి గట్టి మాట దగ్గర కూడా మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకూడదు. రాక్ ఇంటర్వ్యూల్లో ఇది మరీ ముఖ్యం. మనిషి మెల్లగా మాట్లాడుతుండగా వెనక ఎవరో డ్రమ్ము మీద ఒక్క దెబ్బ వేస్తారు.

ల్యాప్‌టాప్‌ను చార్జరు తీసేసి బ్యాటరీ మీద నడపండి. గుయ్యిమనే శబ్దంలో సగం అక్కడే పోతుంది.

గొంతు మసకగా ఉంటే ఈక్వలైజర్ జోలికి పోయేముందు హెడ్డు వాలు సరిచూడాలి. హెడ్డు పక్కన స్ప్రింగు ఉన్న చిన్న స్క్రూ ఉంటుంది. క్యాసెట్ తిరుగుతుండగానే సన్న స్క్రూడ్రైవరుతో దాన్ని కొద్దికొద్దిగా, పావు చుట్టు దాటకుండా, అటూ ఇటూ తిప్పండి. ‘స’, ‘ష’ అక్షరాలు ఒక్కసారిగా తేటపడే చోటు తగులుతుంది. అక్కడ ఆపండి. ప్రతి టేపుకూ ఆ చోటు వేరు, ఎందుకంటే ఒక్కో టేపు ఒక్కో మెషీన్ మీద రికార్డయింది. తర్వాత సాఫ్ట్‌వేర్‌లో ఎంత తంటాలు పడినా ఈ తేట తిరిగి రాదు.

మొదటి ఫైలును అలాగే ఉంచేయండి, అది మూలం. శబ్దం తగ్గించడం, కోయడం అంతా దాని కాపీ మీదే. శబ్దం తగ్గింపు 6 నుంచి 9 డెసిబెల్స్ దాటితే మనిషి నీళ్లలో మాట్లాడుతున్నట్టు అవుతుంది.

6. వేగం సరిచెయ్యడం: గిటారే సాక్షి

గొంతు సన్నబడి, మాట పరుగెత్తుతుంటే రికార్డు చేసేనాటికి బ్యాటరీలు దిగిపోయి ఉన్నాయని అర్థం. టేపు అప్పుడు నెమ్మదిగా తిరిగింది, ఇప్పుడు సరైన వేగంతో తిరుగుతోంది. సైడు చివరికి వచ్చేకొద్దీ ఇది ముదురుతుంది. కాబట్టి మొత్తానికి ఒకటే లెక్క వెయ్యకండి, అయిదేసి నిమిషాల ముక్కలుగా సరిచెయ్యండి.

కొలవడానికి రెండు దారులున్నాయి.

మొదటిది కరెంటు హమ్. రిహార్సల్ గదిలో గిటారు ఆంప్లిఫయర్ వేసి ఉంటే ఆ గుయ్యిమనే శబ్దం టేపులోకి ఎక్కుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్. ఎవరూ మాట్లాడని కొన్ని సెకన్లు ఎంచుకుని ఆడాసిటీలో స్పెక్ట్రం (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత శబ్దముందో చూపే గీత) చూస్తే ఆ శిఖరం 52 దగ్గర కనబడిందనుకోండి, టేపు 4 శాతం వేగంగా తిరుగుతోందన్నమాట. ముందు టేపు ఆపి కూడా ఒకసారి చూడండి. అప్పుడూ హమ్ ఉంటే అది మీ ఇంటిది, టేపుది కాదు. ఇంకో మెలిక: 1990ల్లో మన గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 50 దగ్గర నిలకడగా ఉండేది కాదు, ఒకటి రెండు హెర్ట్జ్ అటూ ఇటూ పోయేది. అందుకే హమ్ ఒక్కదాన్నే నమ్మితే మోసపోతాం.

రెండోది గిటారు. మాటల మధ్య ఎవరైనా వేలు నొక్కకుండా విడి తీగ మీటితే అదే అసలైన కొలబద్ద. మామూలు శ్రుతిలో లావు తీగ ‘ఇ’ 82.4 హెర్ట్జ్, దాని పక్కది ‘ఎ’ 110 హెర్ట్జ్. అయితే కొన్ని బ్యాండ్లు తీగలన్నీ అర్ధస్వరం దించి వాయిస్తాయి, అప్పుడు తేడా దాదాపు 6 శాతం. ఆ బ్యాండు అలవాటేమిటో గిటారిస్టును అడిగి రాసుకోండి. రెండు కొలతలూ ఒకే మాట చెబితేనే మార్చండి.

7. రాసుకోవడం

గంట టేపు రాసుకోవడానికి అయిదారు గంటలు పడుతుంది. తెలుగు, ఒడియా, ఇంగ్లిషు ఒకే వాక్యంలో దొర్లే మన వైపు మాటకు ఆటోమేటిక్ టైపింగ్ పనికిరాదు. ఒక భాష పట్టుకుని మిగతా రెండింటినీ చెడగొడుతుంది. చెవితోనే వినాలి.

- ప్రతి ప్రశ్న దగ్గరా, కనీసం రెండు నిమిషాలకోసారీ, టైము వెయ్యండి
- వినబడని చోట ఊహించి నింపొద్దు, ‘వినబడలేదు, 14:20’ అని రాయండి
- నవ్వు, ఆగడం, వెనక వాయించడం బ్రాకెట్లో పెట్టండి
- మీ ప్రశ్న కూడా పూర్తిగా రాయండి, సమాధానం ఎటు వంగిందో అందులోనే తెలుస్తుంది

భాష దగ్గర ఒక గుంట ఉంది, ఇందులో పడనివాళ్లు తక్కువ. ఒడియాలో ‘హఉ’ అంటే ‘సరే, కానివ్వు’ అని. హడావుడిగా వింటే మన ‘ఔను’లా ఉంటుంది. ‘బ్యాండు విడిపోయింది మీవల్లేనంటారు కదా’ అని అడిగితే అవతలివాడు ‘హఉ…’ అన్నాడు. అతను ఒప్పుకోలేదు, ‘అననీ, పోనీ’ అన్నాడంతే. దాన్ని ‘అవును’ అని రాస్తే ఒక మనిషి పరువు తీసినట్టు. ఒడియాలో అవునంటే ‘హఁ’. అనుమానం వచ్చిన ప్రతి చోటా ఇంట్లో ఒడియా మాట్లాడేవాళ్లకు వినిపించి ఖాయం చేసుకోండి.

ఊళ్ల పేర్లతోనూ ఇదే చిక్కు. ‘బరంపూర్’ గంజాంలోదా, పశ్చిమ బెంగాల్ ముర్షిదాబాద్ జిల్లాలోదా? కలకత్తా బ్యాండు అయితే రెండోదే కావచ్చు. మన జయపురం, రాజస్థాన్ జైపూర్, ఒడిశాలోనే ఉన్న జాజ్‌పూర్ పాత టేపులో ఒక్కలాగే వినబడతాయి.

8. చెప్పింది నిజమేనా: తేదీలు ఖాయం చెయ్యడం

సంగీతకారులు అబద్ధం చెబుతారని కాదు. జ్ఞాపకం సంవత్సరాలను పట్టుకోదు, సంఘటనలను పట్టుకుంటుంది. కాబట్టి సంఘటనతో తేదీ కట్టండి.

‘తుపాను వచ్చిన ఏడాది మా డ్రమ్ముసెట్ తడిసిపోయింది’ అంటే ఏ తుపాను? 1999 అక్టోబరులోనే రెండు వచ్చాయి: 17న గంజాం తీరంలోని గోపాలపురం దగ్గర ఒకటి, 29న పారాదీప్ వైపు మహా తుపాను. ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటింది 2013 అక్టోబరు 12న. క్యాసెట్ కార్డు మీది తేదీని బట్టి చూస్తే ఏదో తేలిపోతుంది.

మిగతావి ఇలా పట్టుకోవచ్చు:

- రాయగడ, గజపతి, మల్కనగిరి, నవరంగపూర్ విడి జిల్లాలయింది 1992 అక్టోబరు 2న. అంతకు ముందు ‘కొరాపుట్ జిల్లాలో’ అంటే రాయగడ కావచ్చు
- రూర్కెలా ఎన్‌ఐటీ 2002 దాకా ఆర్‌ఈసీ (రీజనల్ ఇంజినీరింగ్ కాలేజీ). ఫెస్టు గురించి చెప్పేటప్పుడు వాడిన పేరే కాలం చెబుతుంది
- ‘ఇండస్ క్రీడ్’ అనే బ్యాండు పేరు 1993 దాకా ‘రాక్ మెషీన్’. 1990లో ఇండస్ క్రీడ్‌తో వేదిక పంచుకున్నామంటే పేరో సంవత్సరమో తప్పు
- అలహాబాద్ నుంచి ‘రాక్ స్ట్రీట్ జర్నల్’ పత్రిక మొదలైంది 1993లో. అంతకు ముందు అందులో చదివామంటే ఇంకో పత్రిక అయ్యుంటుంది

టేపులో ‘ఒరిస్సా’ అని ఉంటే ఒరిస్సా అనే ఉంచండి. పేరు మారింది 2011లో, అతని నోట్లో అప్పటి మాటే ఉండాలి.

ఆనాడు అచ్చయిన వ్యాసం దగ్గరుంటే టేపుతో వాక్యం వాక్యం పోల్చండి. చోటు చాలక కోసిన భాగంలోనే అసలు మాట ఉండటం మామూలే.

9. మనిషి దగ్గరికి మళ్లీ వెళ్లడం

దీన్ని వదిలేసి నేరుగా అచ్చుకు పోయేవాళ్లున్నారు. అది తప్పు. ఇరవై రెండేళ్ల వయసులో అన్న మాటకు యాభై దాటిన మనిషి ఇవాళ జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. అతనికి ముందు వినే హక్కు ఉంది.

మొదటి ఫోన్‌లో వ్యాసం ఊసెత్తకండి. ఇలా చాలు:

‘నమస్తే అన్నయ్యా. అప్పట్లో మీ రిహార్సల్ గదిలో మనం మాట్లాడుకున్న క్యాసెట్ దొరికింది. శుభ్రంగా వినబడుతోంది. మీకు వినిపించాలని ఉంది. ఎప్పుడు రమ్మంటారు?’

ఒడియా ఇంటివారైతే ‘ఆజ్ఞా’ అంటూ మొదలుపెడితే గౌరవం. వెళ్లాక రాసిన కాగితం చేతికివ్వకండి, గొంతు వినిపించండి. కాగితం మీద చూస్తే మనుషులు వాక్యాలు దిద్దడం మొదలుపెడతారు. వింటే గుర్తు తెచ్చుకుంటారు. వెళ్లిపోయిన సభ్యుడి నవ్వు వినబడిన చోట కాసేపు ఊరుకోండి, ప్రశ్న వెయ్యకండి.

వింటుండగా కొత్తగా రికార్డు చెయ్యండి, అనుమతి అడిగి. ‘ఇప్పుడైతే ఏమంటారు?’ అన్నదానికంటే ‘ఇక్కడ ఆగిపోయారు, అప్పుడు ఏం గుర్తొచ్చింది?’ అని టేపులో చోటు చూపించి అడిగితే నిజమైన జవాబు వస్తుంది.

అప్పుడు ‘ఇది రాయొద్దు’ అన్నది ఇప్పుడూ రాయొద్దు, ఆయన మళ్లీ నోరారా ఒప్పుకుంటే తప్ప. మనిషి పోయి ఉంటే ఆ మాట ఆయనతోనే పోయింది. మత్తు, అప్పులు, ఇంటి గొడవల గురించి వేరేవాళ్లమీద అన్నవాటికి ఆ వేరేవాళ్లనూ అడగాలి.

10. హక్కులు

పత్రికలో ఉద్యోగిగా ఉండి రాసినదైతే, వేరే ఒప్పందం లేనప్పుడు, 1957 కాపీరైట్ చట్టం 17(ఎ) ప్రకారం పత్రికల్లో ప్రచురించే హక్కు యజమానిది, మిగతా హక్కులు రాసినవారివి. ఉద్యోగం కాకుండా బయటినుంచి రాసినదైతే మీదే. పాత ఒప్పంద పత్రం ఉంటే ముందు అది వెతకండి.

గొంతు ఆన్‌లైన్లో పెట్టాలంటే ఆ సంగీతకారుడి దగ్గర, లేకుంటే కుటుంబం దగ్గర, రాతపూర్వక అనుమతి తీసుకోండి. ఎక్కడ, ఎంత నిడివి, ఎప్పటిదాకా అన్నవి అందులో ఉండాలి. వెనక ఎవరి పాటో మోగుతుంటే ఆ భాగం తీసెయ్యండి, లేకపోతే వీడియో సైట్లు మొత్తాన్నే ఆపేస్తాయి. చనిపోయినవారి పరువు సంగతి కూడా చట్టంలో ఉంది: కుటుంబాన్ని నొప్పించే ఉద్దేశంతో రాస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 356 కింద పరువునష్టమే.

11. రాసేటప్పుడు

అప్పటి మాటనూ ఇప్పటి మాటనూ ఒకే పేరాలో కలిపెయ్యకండి. ప్రతి ఉల్లేఖనకూ సంవత్సరం ఉండాలి: ‘1996లో అన్నాడు’, ‘ఈ జనవరిలో అన్నాడు’. ప్రశ్నల వరుస మార్చాల్సి వస్తే మార్చామని చెప్పండి.

అన్నిటికన్నా ప్రమాదం, మంచి వాక్యం ఒక్కటి పీకి శీర్షికగా పెట్టడం. 1966 మార్చిలో లండన్ ఈవెనింగ్ స్టాండర్డ్‌లో మోరీన్ క్లీవ్ రాసిన ఇంటర్వ్యూలో జాన్ లెనన్ తమ బీటిల్స్ బృందం ఏసుక్రీస్తు కన్నా జనాదరణ పొందిందన్న మాట ఉంది. మిగతా సంభాషణ మధ్య అది బ్రిటన్‌లో పెద్దగా పట్టించుకోకుండానే పోయింది. కొన్ని నెలలకు డేట్‌బుక్ అనే అమెరికన్ పత్రిక ఆ ముక్కను ఎత్తి చూపేసరికి రేడియో స్టేషన్లు పాటలు ఆపేశాయి, జనం రికార్డులు తగలబెట్టారు. మాట మారలేదు, చుట్టూ ఉన్నది తీసేశారు. పాత టేపు నుంచి వాక్యం ఎత్తే ప్రతిసారీ దాని ముందు రెండు నిమిషాలు, తర్వాత రెండు నిమిషాలు మళ్లీ వినండి.

12. అయ్యాక

మూలం ఫైళ్లకు మూడు కాపీలు: ఒకటి కంప్యూటర్లో, ఒకటి విడి హార్డ్‌డిస్కులో, ఒకటి వేరే ఊళ్లో. తీరంలో ఉండేవాళ్లు ఆ మూడోదాన్ని కొరాపుట్ వైపో, హైదరాబాద్‌లోనో ఉన్న చుట్టాలింట్లో పెట్టండి. విశాఖ కూడా తుపాను దారిలోదే. ఏడాదికోసారి తెరిచి వినండి.

క్యాసెట్లను నిలబెట్టి, చుట్ట మొత్తం ఒక వైపుకు తిప్పి, డబ్బాలో పెట్టి ఉంచండి. స్పీకర్ల పక్కన వద్దు, అయస్కాంతం ఉంటుంది. కాపీ ఒకటి పెన్‌డ్రైవ్‌లో వేసి ఆ సంగీతకారుడికి ఇవ్వండి. పెన్‌డ్రైవ్ తెరవడం రానివారైతే ఇంట్లో పిల్లలెవరినైనా పిలిచి, ఫోన్‌లో మోగేదాకా అక్కడే కూర్చోండి.